ఖండితాలు లేని సముద్రపు పురుగులు: లేనిదాన్ని చూసి చుట్టరికం కలిపితే

రాతి సందులోంచి అప్పుడే తీసిన పీనట్ వార్మ్‌ను సముద్రపు నీళ్లున్న పళ్లెంలో వేస్తే, అది పురుగని చెప్పినా నమ్మబుద్ధి కాదు. పొట్టు తీసిన వేరుశనగ గింజ ఆకారంలో, గట్టిగా బిగుసుకుపోయిన ముద్ద. కాళ్లు లేవు, తల ఎటో తోక ఎటో తెలియదు. కదిలించకుండా కాసేపు వదిలేయాలి. అప్పుడు ఒక కొస మెల్లగా విచ్చుకుంటుంది. లోపలికి తిరగబడిన చొక్కా చేతిని సరిచేస్తున్నట్టు, సన్నటి మెడలాంటి భాగం తనలోంచి తానే తిరగబడుతూ బయటికొస్తుంది. ముందు మెడ మొదలు, ఆ తర్వాత మధ్యభాగం, అన్నిటికన్నా చివర నోరు. నోటి దగ్గర చిన్న చిన్న స్పర్శకాల కుచ్చు. ఏదైనా తగిలిందో, కుచ్చు, నోరు, మెడ అన్నీ చటుక్కున లోపలికి పోతాయి. మళ్లీ గింజ.

ఈ పురుగుల గుంపు పేరు సైపంక్యులా. సుమారు 150 జాతులు, అన్నీ సముద్రంలోనే. కొన్ని కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే ఉంటాయి, కొన్ని అర మీటరు దాకా పెరుగుతాయి. వానపామును వేలితో నిమిరితే వలయం వెంట వలయం తగులుతుంది. ఆ వలయాలనే ఖండితాలు అంటారు. పీనట్ వార్మ్ ఒంట్లో ఖండితాలు లేవు. పైన చర్మం ముడతలు పడి ఉండొచ్చు, కోసి చూస్తే మాత్రం లోపల ఒకటే తిత్తి. ఇంత చిన్న విషయం జంతుశాస్త్రాన్ని నూట యాభై ఏళ్లు తిప్పలు పెట్టింది. నా దృష్టిలో ఆ తిప్పలకు కారణం ఒక్కటే: లేనిదాన్ని చూసి చుట్టరికం కలపడం. పాముకు కాళ్లు లేవు, చేపకూ లేవు. అంతమాత్రాన అవి రెండూ అన్నదమ్ములు కావు కదా. చేపకు కాళ్లు ఎప్పుడూ లేవు. పాము పూర్వీకులకు ఉండి, పోయాయి. పురుగుల విషయంలో ఈ తేడా పట్టుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఒకటే గది ఎందుకు

చుట్టరికాల సంగతి తర్వాత. ముందు ఈ ఒళ్లు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఖండితాలు ఎందుకు లేవో అక్కడే సగం తెలిసిపోతుంది.

పీనట్ వార్మ్‌కు ఎముక లేదు, పెంకు లేదు. చర్మం కింద అడ్డంగా చుట్టుకున్న కండరాలు ఒక పొర, నిలువు కండరాలు ఇంకో పొర. వాటి లోపల ద్రవం నిండిన ఒకే పెద్ద గది. దీన్ని శరీరకుహరం అంటారు. ద్రవాన్ని ఎంత నొక్కినా దాని పరిమాణం తగ్గదు, ఒకచోట నొక్కితే ఇంకోచోటికి పోతుంది. నీళ్లు నింపిన బెలూన్‌ను గుప్పిట్లో పిసికితే వేళ్ల సందుల్లోంచి ఉబ్బుకొస్తుందే, అదే ఇక్కడ జరిగేది. గోడ కండరాలు బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి, మెడ బయటికి తన్నుకొస్తుంది. వెనక్కి లాగడానికి మాత్రం ద్రవం పనికిరాదు. దానికి గోడ లోపలివైపు నుంచి తల దాకా తాళ్లలా బిగించిన కండరాలున్నాయి, చాలా జాతుల్లో నాలుగు. బయటికి నెట్టేది నీళ్లు, లోపలికి లాగేది తాళ్లు. ఎముక చేయాల్సిన పనంతా ద్రవమే చేస్తోంది.

వానపాములో కూడా ఇలాంటి ద్రవమే ఉంటుంది, కానీ ప్రతి ఖండితానికీ మధ్య ఒక అడ్డుతెర ఉంటుంది. ఒక గదిలో పెరిగిన ఒత్తిడి పక్క గదిలోకి అంతగా పోదు. అందుకే వానపాము ముందు భాగాన్ని సాగదీస్తూనే వెనక భాగాన్ని లావు చేసి మట్టిని పట్టుకోగలదు. ఆ సాగడం, లావెక్కడం అలలా ఒంటి పొడవునా నడుస్తాయి. మట్టిలో దారి చేసుకుంటూ నిత్యం తిరిగే జంతువుకు అడ్డుతెరలు వరం లాంటివి.

పీనట్ వార్మ్ బతుకు అలాంటిది కాదు. ఇసుకలోనో, రాతి సందులోనో, ఖాళీ నత్తగుల్లలోనో కుదురుకుని, మెడ మాత్రం బయటికి చాచి తింటుంది. ఆ మెడ చాలా జాతుల్లో మిగతా ఒంటికి సమానంగా, కొన్నిటిలో ఇంకా పొడవుగా ఉంటుంది. అంత భాగాన్ని ఒక్కసారిగా బయటికి పంపాలంటే ఒంట్లో ఉన్న ద్రవమంతా అటు పరుగెత్తాలి. మధ్యలో అడ్డుతెరలుంటే ద్రవం ఎక్కడికక్కడ ఆగిపోతుంది, మెడ లోపల ఇరుక్కుంటుంది. కాబట్టి ఒకటే గది అనేది ఇక్కడ లోటు కాదు. ఈ యంత్రం నడవాలంటే అలాగే ఉండాలి.

జీర్ణనాళం దారి కూడా ఈ నివాసానికి తగ్గట్టే ఉంది. ఒకవైపే తెరుచుకున్న కన్నంలో ఉండే జీవికి మలద్వారం తోక కొసన ఉంటే కన్నమంతా పాడవుతుంది. అందుకే పేగు నోటి నుంచి అడుగు దాకా దిగి, అక్కడ వెనక్కి తిరిగి, దిగిన పాయ చుట్టూ తాడు పేనినట్టు మెలికలు తిరుగుతూ పైకొచ్చి, మెడ మొదట్లో వీపువైపు బయటికి తెరుచుకుంటుంది.

ఇక రక్తం. మనకు తెలిసిన అర్థంలో దీనికి రక్తనాళాల వ్యవస్థే లేదు. ఆక్సిజన్ మోసే కణాలు శరీరకుహరంలోని ద్రవంలోనే తేలుతుంటాయి. వాటిలో ఉన్నది హీమోగ్లోబిన్ కాదు, హిమెరిత్రిన్ అనే వేరే ప్రొటీన్. పేరులో 'హిమ్' ఉందని హీమ్, అంటే హీమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టుకునే భాగం, ఉంటుందనుకుంటాం, ఉండదు. ప్రొటీన్‌కే నేరుగా అతుక్కున్న రెండు ఇనుప పరమాణువులు కలిసి ఒక ఆక్సిజన్ అణువును పట్టుకుంటాయి. ఆక్సిజన్ లేనప్పుడు దాదాపు రంగు ఉండదు, పట్టుకోగానే వంగపండు ఛాయ కలిసిన గులాబీ రంగుకు మారుతుంది. మనల్ని చంపే కార్బన్ మోనాక్సైడ్‌ను ఇది పట్టించుకోదు.

అదే ద్రవంలో ఇంకో వింత ఉంది. కొన్ని జాతుల్లో అర్న్‌లు అనే చిన్న కణాల గుంపులు, కూజా ఆకారంలో, వెంట్రుకల్లాంటి సీలియాలతో ఈదుతూ తిరుగుతాయి. వెనకాల జిగురు తోకను ఈడ్చుకుంటూ, దారిలో దొరికిన బాక్టీరియానూ చచ్చిన కణాల ముక్కల్నీ దానికి అంటించుకుంటాయి. ఒంట్లో పుట్టి, ఒంట్లోనే స్వేచ్ఛగా ఈదుతూ చెత్త ఏరే ఇలాంటి పనివాళ్లు జంతులోకంలో అరుదు.

వీటి ఇళ్ల గురించి కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆస్పిడోసైఫన్ అనే పీనట్ వార్మ్ ఖాళీ నత్తగుల్లలో చేరుతుంది. ఆ గుల్ల మీద ఒక చిన్న పగడం మొలుస్తుంది. పగడం పెరిగి పెరిగి గుల్లను పూర్తిగా మింగేస్తుంది, కానీ పురుగు కోసం అడుగున ఒక రంధ్రం మాత్రం మిగులుతుంది. మెత్తటి ఇసుకలో పగడం ఒంటరిగా ఉంటే కూరుకుపోయి చచ్చిపోవాల్సిందే. పురుగు మెడ చాచి, ఇసుకను పట్టుకుని, ఇంటిని లాక్కుంటూ తిరుగుతుంది కాబట్టి పగడం పైనే నిలుస్తుంది. ఇల్లు పగడానిది, కాళ్లు పురుగువి.

వంతెన అనుకున్నారు

1766లో లినేయస్ ఈ గుంపులోని పెద్ద జాతికి సైపంక్యులస్ న్యూడస్ అని పేరు పెట్టాడు. తర్వాతి కాలంలో ఇలాంటి నున్నటి పురుగులు ఇంకా చాలా దొరికాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తేలక 1847లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కాత్రఫాజ్ అన్నిటినీ గెఫీరియా అనే ఒకే గంపలో వేశాడు. గ్రీకులో గెఫీరా అంటే వంతెన. ఒకవైపు వానపాములూ జలగలూ ఉన్న అనెలిడా, ఇంకోవైపు సముద్ర దోసకాయలు, వాటి మధ్య వంతెన ఈ పురుగులన్నమాట. ఆ గంపలో మూడు రకాలున్నాయి: పీనట్ వార్మ్‌లు, స్పూన్ వార్మ్‌లు అనే ఎకియూరా, ప్రియాపులిడ్‌లు. ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ప్రధానంగా ఒక లోటు, ఖండితాలు లేకపోవడం.

ఆ వంతెన నిలవలేదు. 1940లో న్యూబీ అనే శాస్త్రవేత్త స్పూన్ వార్మ్ పిండాల ఎదుగుదలను దగ్గరగా చూసి ఎకియూరాను విడి వర్గంగా (ఫైలం) తీసుకున్నాడు. 1959లో జంతుశాస్త్రవేత్త లిబ్బీ హైమన్ పీనట్ వార్మ్‌లను కూడా సొంత వర్గంగానే రాసింది. గంప విప్పడం మంచిదే. కానీ విప్పాక ఎవరి కుంపటి వాళ్లకు పెట్టేశారు. చాలామంది చదువుకున్న పాఠ్యపుస్తకాల్లో ఇవి చిన్న వర్గాలుగా, ఏ చుట్టమూ లేని అనాథల్లా చివరి పేజీల్లో కనిపించేది అందుకే.

ఇది సరైంది కాదన్న అనుమానానికి ఆధారం మొదటి నుంచీ ఒకటి కళ్లముందే ఉంది. స్పూన్ వార్మ్‌కు నోటి వెనక, కడుపువైపు, ఒక జత గట్టి కొక్కేల్లాంటి ముళ్లుంటాయి. అనెలిడ్ పురుగుల ఒంటి మీది ముళ్లు ఎలా తయారవుతాయో ఇవీ అలాగే తయారవుతాయి: ఒకే కణం తన ఉపరితలం మీది సన్నని వేళ్ల చుట్టూ కైటిన్ అనే గట్టి పదార్థాన్ని పోస్తూ పోతుంది, ముల్లు లోపల ఆ వేళ్ల ఆనవాళ్లు సన్నటి గొట్టాలుగా మిగిలిపోతాయి. ఇంత ప్రత్యేకమైన పనితనం రెండు చోట్ల విడివిడిగా పుట్టిందని నమ్మడం కష్టం. అయినా ఖండితాలు లేవన్న ఒక్క మాట దగ్గర అందరూ ఆగిపోయారు.

1997లో మెక్‌హ్యూ అనే శాస్త్రవేత్త ఒక జన్యువు వరసను పోల్చి చూసి, స్పూన్ వార్మ్‌లు అనెలిడా లోపలే ఉన్నాయని చూపించింది. అనెలిడాకు పక్కన కాదు, లోపల. 2002లో పీనట్ వార్మ్ మైటోకాండ్రియాలో జన్యువులు ఏ క్రమంలో ఉన్నాయో చదివితే, ఆ క్రమం కూడా అనెలిడ్‌లతోనే కలిసింది. తర్వాతి పదేళ్లలో వందల జన్యువులను ఒకేసారి పోల్చే పద్ధతులొచ్చి చిత్రం మరింత స్పష్టమైంది. స్పూన్ వార్మ్‌లకు దగ్గరి బంధువులు కాపిటెల్లిడ్‌లు. ఇవి బురదలో బతికే, చక్కగా ఖండితాలున్న, వానపాము లాంటి సముద్రపు పురుగులు. పీనట్ వార్మ్‌లు అనెలిడా చెట్టులో మొదట్లోనే చీలిన ఒక కొమ్మ మీద ఉన్నాయి. 2014లో వచ్చిన విశ్లేషణ ప్రకారం ఆ కొమ్మ మీద వాటి పక్కనున్నవి ఫైర్ వార్మ్‌లు. ఒళ్లంతా ముళ్ల కుచ్చులతో, ముట్టుకుంటే మంటపుట్టించే పురుగులవి. ముల్లన్నదే లేని జీవికీ, నిలువెల్లా ముళ్లున్న జీవికీ దగ్గరి చుట్టరికం. కళ్లతో చూసి ఎవరూ ఊహించలేని సంబంధం ఇది.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. పీనట్ వార్మ్‌లు, స్పూన్ వార్మ్‌లు అనే ఈ రెండు గుంపులూ చెట్టులో ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. అంటే ఖండితాలు ఒకసారి కాదు, కనీసం రెండుసార్లు, వేర్వేరు వంశాల్లో పోయాయి.

ఖండితాలు ఒకప్పుడు ఉండి, తర్వాత పోయినట్టు ఆనవాలు ఉందా? కొండచిలువ ఒంట్లో వెనక కాళ్ల ఎముకల ముక్కలు ఇప్పటికీ ఉంటాయి. ఈ పురుగుల్లో అలాంటి గుర్తు పెద్ద వయసులో దొరకదు, డింభక దశలో, అంటే పిల్ల దశలో, దొరుకుతుంది. అనెలిడ్‌ల కడుపువైపు నిచ్చెన లాంటి నాడీ నిర్మాణం ఉంటుంది: నిలువుగా రెండు నాడీదండాలు, ప్రతి ఖండితంలో వాటిని కలిపే అడ్డ మెట్లు. ఎదిగిన పీనట్ వార్మ్‌లో ఉన్నది ఒకటే నున్నటి దండం, మెట్టూ లేదు ముడీ లేదు. 2008లో ఫాస్కొలోసోమా అనే పీనట్ వార్మ్ డింభకాలకు నాడీకణాలను వెలిగించే రంగులు పట్టించి, రోజురోజుకూ చూశారు. మొదట రెండు దండాలు కనిపించాయి. వాటి వెంట నాడీకణాల జతలు, వాటిని కలిపే మెట్లు, తల నుంచి తోక వైపుగా ఒకదాని తర్వాత ఒకటి పుట్టాయి. ఖండితాలున్న పురుగు పెరిగేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. ఆ తర్వాత రెండు దండాలూ ఒకటయ్యాయి, మెట్లు మాయమయ్యాయి, కణాలు తమ చోట్లు వదిలి దగ్గరికి జరిగాయి. నిచ్చెన కట్టి, కట్టినదాన్ని విప్పేసింది. స్పూన్ వార్మ్ బోనెల్లియా డింభకాల్లో కూడా ఇలా వరసగా పునరావృతమయ్యే నాడీ నిర్మాణం 2002లోనే బయటపడింది. ఈ అధ్యయనాల గురించి చదివినప్పుడు జన్యువుల లెక్కల కన్నా ఇదే నన్ను ఎక్కువగా ఒప్పించింది. కొన్ని రోజుల పాటు ఆ పిల్ల ఒంట్లో పూర్వీకుల నమూనా కళ్లకు కనపడుతుంది మరి.

స్పూన్ వార్మ్ ఇంట్లో

స్పూన్ వార్మ్‌ల తొండం పీనట్ వార్మ్ మెడలా లోపలికి తిరగబడదు. కాలువలా గాడి ఉన్న చాచిన నాలుక లాంటిది, ముడుచుకోవడం మాత్రమే తెలుసు. గాడిలోని సీలియాలు బురద మీది ఆహారాన్ని మొదట్లో ఉన్న నోటి దాకా చేరవేస్తాయి. బోనెల్లియా విరిడిస్ ఆడదాని ఒళ్లు జానెడు కన్నా తక్కువే. తొండం చాస్తే మీటరు దాటుతుంది. ఒళ్లు రాతి సందులో దాక్కుంటే, కొస రెండుగా చీలిన ఆకుపచ్చ తొండం మాత్రం చుట్టుపక్కల నేలంతా తడుముతుంది. ఆ ఆకుపచ్చ రంగు బోనెల్లిన్, వెలుతురులో సూక్ష్మజీవులకు విషం.

మరి మగది? చాలాకాలం దొరకలేదు. ఆడదాని ఒంట్లో కనిపించే ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల జీవిని చూసి ఏదో పరాన్నజీవి అనుకున్నారు. అదే మగది. నోరు లేదు, ఆహారం ఆడదాని నుంచే. జీవితమంతా ఆమె లోపలే, గుడ్లను ఫలదీకరించడం ఒక్కటే పని. అంతకన్నా ఆశ్చర్యం, డింభకం మగదా ఆడదా అన్నది పుట్టుకతో తేలిపోదు. ఖాళీ నేల మీద దిగితే ఎక్కువగా ఆడది అవుతుంది. ఎదిగిన ఆడదాని తొండం మీద వాలితే, అక్కడి రసాయనాల ప్రభావంతో ఎక్కువగా మగది అవుతుంది. ఫ్రిట్జ్ బాల్ట్‌జర్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చేసిన ప్రయోగాల్లో, తొండం మీద వాలిన డింభకాలను మధ్యలోనే తీసేస్తే అటూ ఇటూ కాని జీవులు తయారయ్యాయి. పరిసరాలే లింగాన్ని నిర్ణయిస్తాయని చెప్పేటప్పుడు ఈనాటికీ ఈ పురుగే ముందు గుర్తొస్తుంది.

ఇంకొకటి కాలిఫోర్నియా తీరపు బురదలో ఉండే యూరెకిస్ కౌపో. కౌపో అంటే లాటిన్‌లో సత్రం నడిపేవాడు. ఈ పేరు 1928లో ఫిషర్, మెక్‌గినిటీ పెట్టారు. యు ఆకారంలో సొరంగం తవ్వి, అందులో జిగురు వల కట్టి, ఒళ్లు అలలా కదుపుతూ వల గుండా నీళ్లు తోడుతుంది. వల నిండాక వలతో సహా మింగేస్తుంది. పెద్ద ముక్కలు వదిలేస్తుంది, వాటి కోసం సొరంగంలో ఒక చిన్న చేప, ఒక పొలుసుల పురుగు, ఒక బుల్లి పీత కాచుకుని ఉంటాయి. ఊపిరి పీల్చేది పేగు వెనక భాగంతో: నీళ్లు లోపలికి తీసుకుని, ఆక్సిజన్ తీసుకుని, బయటికి వదిలేస్తుంది. దీనికి కూడా రక్తనాళాలు లేవు, హీమోగ్లోబిన్ ఉన్న కణాలు శరీరకుహరంలోనే తిరుగుతాయి. దాని చుట్టాలైన కాపిటెల్లిడ్‌లలో సైతం ఇదే ఏర్పాటు.

గంపలో మిగిలినవి

మూడో రకం ప్రియాపులిడ్‌లు ఎటు పోయాయి? పూర్తిగా వేరే కొమ్మకు. ఇప్పుడు బతికున్నవి ఇరవై జాతులకు కాస్త అటూ ఇటూ. ఇవి పెరిగేకొద్దీ కుబుసం విడుస్తాయి. కుబుసం విడిచే పీతలు, కీటకాలు, నులిపురుగులు ఉన్న పెద్ద శాఖలోనే ఇవీ ఉన్నాయి. వీటిలోనూ హిమెరిత్రిన్ ఉంది, ముందు భాగం లోపలికి తిరగబడుతుంది కూడా. పోలిక చూసి పొరబడటంలో పాతవాళ్ల తప్పేమీ లేదు.

రిబ్బన్ వార్మ్‌లు అనే నెమర్టియా ఆ గంపలో లేకపోయినా ఖండితాలు లేనివే, సుమారు 1300 జాతులు. అవి తొండాన్ని ప్రత్యేకమైన గొట్టంలో దాచుకుని, ద్రవ ఒత్తిడితోనే వేట మీదికి విసురుతాయి. అకార్న్ వార్మ్‌లైతే మొప్ప చీలికలున్న జీవులు, నక్షత్ర చేపలకు దగ్గరివి, పీనట్ వార్మ్ కన్నా మనకే దగ్గర. 'ఖండితాలు లేని సముద్రపు పురుగులు' అన్న మాట ఒక ఆకారాన్ని చెబుతుంది, అంతే. బురదలో, సందుల్లో, ద్రవ ఒత్తిడి మీద బతికే ఎవరైనా ఆ ఆకారానికి చేరుకోవచ్చు.

తేలని చిక్కు ఒకటుంది. పీనట్ వార్మ్‌లు ఖండితాలను ఎప్పుడు పోగొట్టుకున్నాయి? 2004లో నైరుతి చైనాలోని చెంగ్‌జియాంగ్ శిలల నుంచి, సుమారు 52 కోట్ల ఏళ్ల నాటి పీనట్ వార్మ్‌ల శిలాజాలను వర్ణించారు. జంతువుల పెద్ద వర్గాలు చాలావరకు అప్పుడప్పుడే శిలల్లో కనిపించడం మొదలైన కాలమది. పోయాయనుకుంటున్న ఖండితాల్లో సగమైనా ఆ పురుగుల్లో మిగిలి ఉంటాయని ఆశిస్తాం. అలాంటిదేమీ లేదు. సన్నటి మెడ, లావుపాటి ఒళ్లు, నోటి చుట్టూ స్పర్శకాలు, కొక్కేలు, అన్నీ ఇప్పటివాటిలాగే ఉన్నాయి. పేగు అడుగు దాకా దిగి వెనక్కి తిరిగిన గుర్తు కూడా రాతిలో స్పష్టంగా ఉంది. మలద్వారం అప్పటికే మెడ మొదట్లో ఉంది.